పోగు చిక్కని గాజుముక్క

1954లో వానలు వెనకబట్టాక పెంటప్ప బొంబాయి నుంచి సోలాపూర్ తిరిగి వచ్చాడు. మూడు నెలలు అక్కడి దవాఖానాలో సూదులు వేయించుకున్నాడు. పోయేటప్పుడు నెత్తురు కక్కుతూ పోయాడు. వచ్చేటప్పుడు చేతిలో ఒక రేకు డబ్బా ఉంది.

జోడ్‌భావి పేట్‌లో వాళ్లది ఒకే గది. అందులో సగం గుంటమగ్గమే. పెంటప్ప డబ్బాను నేలమీద బోర్లించాడు. ఆకుపచ్చవి, తెల్లవి, బెల్లం రంగువి, గాజుపెంకులు. ఒక్కటి మాత్రం నీలం.

భార్య గోదావరి వెనక్కి జరిగింది.

"ఏందయ్యా ఇది? మగ్గమున్న ఇంట్ల కాంచ్ పెంకులా? ఒక్కటి గుంటల పడితే కాలు తెగుతది."

"తెగదే. ముట్టి చూడు."

ఆమె ముట్టలేదు. అతను ధోతి అంచు నుంచి ఒక పోగు లాగి నీలం ముక్క మీదుగా జార్చాడు. పోగు ఎక్కడా చిక్కలేదు.

బొంబాయిలో అతను దిగింది వర్లీలోని బావమరిది గదిలో, అక్కడికి సముద్రం దగ్గర. అంతకుముందు పెంటప్ప సముద్రం చూడలేదు. రోజూ నడవమన్నాడు డాక్టరు. నీళ్లు వెనక్కి పోయినప్పుడు తడి రాళ్ల మధ్య గాజు మెరిసేది. వంగి తీసి, దానిమీద పోగు లాగి చూసేవాడు. చిక్కితే మళ్లీ నీళ్లలోకి విసిరేవాడు, ఇంకొన్నాళ్లు అలల్లో అరగమని. చిక్కకపోతే జేబులో వేసుకునేవాడు. ముప్పై ఏళ్లు మూరెడు గుడ్డ మీదే నిలిచిన చూపు అది. నీలం దొరికిన రోజు తిండి మరిచిపోయాడు.

"చెత్త ఏరనీకి బొంబాయి దాక రావాల్నా బావా? మీ సోలాపూర్‌ల చెత్త అయిపోయిందా?" అన్నాడు బావమరిది.

పెంటప్ప నవ్వాడు. నవ్వితే దగ్గు రాలేదు. చాలా రోజుల తర్వాత.

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు, మళ్లీ మగ్గంలో కూర్చోవద్దని. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

మర్నాడే గుంటలో దిగాడు. మూడో రోజు దగ్గులో నేస్తున్న చీర మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. మగ్గం వాళ్ల సొంతం కాదు, నేత పనిచ్చే మాలిక్‌ది. నాలుగు రోజులు చప్పుడు ఆగితే అతని మనిషి వస్తాడు, విప్పి ఇంకొకరి ఇంట్లో వేయిస్తాడు. గోదావరి మొగుణ్ణి భుజం పట్టి పైకి లాగింది. తానే గుంటలో దిగింది.

ఆ వాడలో ఆడవాళ్లు రాట్నం మీద నూలు కండెలు చుడతారు, మగవాళ్లు నేస్తారు. బీడీలు చుట్టే పక్కింటి కమల గడపలో నిలబడి చూసింది.

"వదినా, రేపటి సంది ధోతి గూడ నువ్వే కడ్తవా?"

"కడ్త. ముందుగాల మీ ఆయనతోని బీడీలు చుట్టిపియ్యి. చూసి నేర్చుకుంటం."

పెంటప్ప రాట్నం ముందు కూర్చున్నాడు. ఉరికే నూలు అతని వేలిని కోసింది. గోదావరి వేలికి ఇరవై ఏళ్ల కాయ ఉంది, అతని వేలికి లేదు. నీలం ముక్కను రాట్నం గుంజకు సుతిలి తాడుతో కట్టాడు. నూలును దాని మీదుగా నడిపాడు. కండెలు గట్టిగా, ఒక్క తీరుగా వచ్చాయి.

"మంచిగొస్తున్నయ్," అంది గోదావరి ఒకసారి, తల తిప్పకుండా.

రెండు చలికాలాలు అట్లా గడిచాయి. రెండోదాని చివర, ఒక పగటిపూట, మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడెలో కండె అయిపోయింది. ఆమె వెనక్కి చెయ్యి చాపింది. బుట్ట ఖాళీగా ఉంది. రాట్నం చప్పుడు ఎప్పుడు ఆగిందో ఆమె వినలేదు. అప్పుడు తల తిప్పింది.

పెంటప్ప పోయాక కండెలూ ఆమే చుట్టింది, చీరా ఆమే నేసింది. మగ్గం ఆ గదిలోనే ఉంది.

కొన్నేళ్లకు చుట్టేటప్పుడు నూలు తెగడం మొదలైంది. మొదట నూలును తిట్టింది. తర్వాత గాజును చూసింది. ఒకే చోట నడిచి నడిచి నూలు దానిలో గాడి కోసింది. కొంగు నుంచి ఒక పోగు లాగి దాని మీదుగా జార్చింది. పోగు చిక్కింది.

అతని లెక్కన అది నీళ్లలోకి విసరాల్సిన ముక్క.

గోదావరి సుతిలి విప్పింది. గాజును రెండోవైపు తిప్పి కట్టింది.