ట్రాక్ గొంతు

ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత మేడ కింద, సెల్లార్‌లో ఉండేది మా ట్రస్టు. కొత్తగా పాడేవాళ్ళకి, వాయించేవాళ్ళకి, బొమ్మలు వేసేవాళ్ళకి చేయూతనివ్వడం దాని పని. పొద్దునపూట రికార్డింగ్ గదిని సినిమావాళ్ళకి అద్దెకిచ్చి, మధ్యాహ్నాలు మాకు ఉచితంగా వదిలేవారు. గోడలకి, తలుపుకి మందపాటి స్పాంజి అతికించి ఉండేది. లోపల దగ్గితే ఆ దగ్గు ఎక్కడికీ పోకుండా నోటి దగ్గరే ఆగిపోయేది. మొదటిసారి అక్కడ ఒంటరిగా నిలబడ్డప్పుడు నా గుండె చప్పుడు నాకే వినిపించి బయటికి వచ్చేశాను.

నేను ట్రాక్ సింగర్‌ని. అంటే, పెద్ద గాయని వచ్చేలోపు పాట ఎలా ఉంటుందో హీరోకి, దర్శకుడికి వినిపించడానికి ముందుగా పాడిపెట్టేదాన్ని. ఆవిడ వచ్చి పాడాక నా గొంతు తీసేస్తారు. వెంగళరావు నగర్ హాస్టల్లో తోటి అమ్మాయిలు "ఇంతకీ నీ పాట ఏదే?" అని ఏడిపించేవాళ్ళు. ఏం చెప్తాను? పాడినవి బోలెడు, నాది అనుకోవడానికి ఒక్కటీ లేదు. ట్రస్టు నడిపే మేడమ్ అది గమనించి, నా పేరుతోనే ఒక పాట రికార్డు చేయిస్తానన్నారు. ఇల్లు అలకగానే పండగ కాదని తెలుసు. అయినా ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

రికార్డింగ్ రోజు భోజనాల వేళకే వెళ్ళాను. మెట్లు దిగుతుంటే గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల నేను పాడుతున్నాను.

ఈ మాట ఇంకోలా రాయడం నాకు చేతకాదు. అది నా గొంతే. పల్లవి ఎత్తుకునే ముందు ముక్కుతో చిన్నగా గాలి పీల్చే నా పాడు అలవాటుతో సహా. పాట మాత్రం నేనెప్పుడూ విన్నది కాదు. ఎప్పుడో పాడి మర్చిపోయానా అనుకున్నాను. ఇంతలో చరణంలో పై పంచమం వచ్చింది. అక్కడ నా గొంతు జీరపోతుంది, ఎంత సాధన చేసినా అంతే. ఆ గొంతు జీరపోలేదు. పైకెళ్ళి, కాసేపు అక్కడే నిలబడి, తాపీగా దిగింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను.

లోపల సౌండ్ ఇంజనీర్ ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి పాట ఆపేశాడు.

"ఎవరది, అన్నా?" అన్నాను.

"నువ్వే చెల్లె," అని తల దించుకున్నాడు. "నీ పాత ట్రాకులన్నీ నువ్వు ట్రాకులు పాడే మ్యూజిక్ డైరెక్టర్ ఆఫీసోళ్ళు కంప్యూటర్‌ల వేసిండ్రు. అది నేర్చుకున్నది. ఇగ ఏ పాట ఇచ్చినా నీ లెక్కనే పాడుతది. కొన్ని రోజులసంది పొద్దుగాల నాకు గిదే పని."

"దానికి ఊపిరెందుకు?"

"తీసేద్దామనే చూసిన. తీసేస్తే మనిషి లెక్క లేదు."

కర్ర ఇచ్చి మరీ పళ్ళు రాలగొట్టించుకోవడం అంటే ఇదే. నాకు ముక్కు మీదే కోపమని హాస్టలంతా పేరు. ఆ రోజు కోపం రాలేదు, భయం వేసింది. మేడమ్‌కి ఇంకా తెలియదనీ, ముందు నా పాట కానిచ్చి తర్వాత చెబుదామనీ ఇంజనీర్ అన్నాడు.

పాడటం మొదలుపెట్టాను. గాలి పీల్చిన ప్రతిసారీ నాకంటే ముందే ఎవరో పీల్చినట్టు అనిపించేది. బలవంతాన ఆ అలవాటు మానేసి చూశాను, పంక్తి మధ్యలో తెగిపోయింది. చివరికి ఎలా వస్తే అలా వదిలేశాను. పై పంచమం దగ్గర ఎప్పట్లాగే జీరపోయింది. అయినా అంత బాగా నేనెప్పుడూ పాడలేదు, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఈలోపు పైనుంచి మేడమ్ దిగివచ్చి చివరిదాకా విన్నారు. నేను బయటికి రాగానే నా చెయ్యి పట్టుకున్నారు.

"బాగానే ఉందమ్మా. కానీ ఈమధ్య పొద్దున్నపూట ఇక్కడ ఎవరో కొత్తమ్మాయి పాడుతోంది. మెట్ల మీంచి వింటున్నాను. నువ్వు అచ్చం ఆ అమ్మాయిని అనుకరిస్తున్నావు. పై స్థాయి మాత్రం ఆమెలా అందుకోలేకపోతున్నావు." ఆవిడ గొంతులో విసుగు లేదు, ప్రేమే ఉంది. "నీ పేరుతో వచ్చే పాట కదా, ఇంకొకళ్ళలా ఎందుకు? నీ గొంతుతో పాడు."

అద్దం వెనక ఇంజనీర్ నావైపు చూడలేదు. "అలాగేనండీ," అని మళ్ళీ లోపలికి వెళ్ళి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. వాద్యాలు మొదలయ్యాయి. పల్లవి దగ్గరికొచ్చింది. నోరు తెరిచాను కానీ ఏ గొంతుతో ఎత్తుకోవాలో తెలియలేదు. పాట నా చోటు దాటి ముందుకి వెళ్ళిపోయింది.