తాళం వేసిన ఇంటి ముందు ముగ్గు

నాకు ఊరికే ఉండడం చేతకాదు. ఎవరి గుమ్మంలో కొత్త చెప్పులు కనపడినా, ఎవరి మేడ మీద ఎప్పుడూ చూడని చీర ఆరేసి ఉన్నా, అది ఎవరిదో తెలిసేదాకా నాకు టీ రుచించదు. "ఈ జబ్బుకి నువ్వు పోలీసువైనా అవుతావు, పెళ్ళిళ్ళ పేరమ్మవైనా అవుతావు" అనేది మా అమ్మ. మొదటిదే అయ్యాను. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల ఖాకీ వేసుకుని స్కూటీ మీద తిరుగుతుంటే మొదట్లో జనం వింతగా చూసేవారు. ఇప్పుడు "పోలీసమ్మా, టీ తాగెల్లు" అంటున్నారు.

పొద్దుటి గస్తీలో జుగ్సలాయి బజారు దాటాక ఒక సందు ఉంది. రైల్వేలో రిటైరైన తెలుగు కుటుంబాలు కొన్ని, ఒడియావాళ్ళు కొందరు, బిహారీలు కొందరు గోడకు గోడ ఆనుకుని ఉంటారు. ఆ సందంటే నాకు ఇష్టం, ఎందుకంటే అక్కడ ముగ్గులుంటాయి. ముగ్గు చూస్తే ఆ ఇంట్లో సంగతి సగం తెలిసిపోతుంది. కొత్త కోడలు వచ్చిందా, అత్తగారికి నడుము నొప్పా, పిల్లలకి పరీక్షలని హడావిడిగా నాలుగు గీతలు గీసి లోపలికి పరిగెత్తారా, అన్నీ చెప్పొచ్చు. గుమ్మం బోసిగా ఉందంటే మాత్రం ఊళ్ళో లేరన్నమాట. ఆ సంగతి నాకొక్కదానికే కాదు, దొంగలకీ తెలుసు. ఊరెళ్ళేటప్పుడు మాకు ఒక మాట చెప్పండయ్యా అని మొత్తుకుంటాం. ఎవరూ చెప్పరు.

ఆ సందులో ఒక పిన్ని ఉంది. పిన్ని అంటే నాకేం చుట్టం కాదు, సందంతటికీ పిన్నే. భర్తకి కంటి ఆపరేషన్ చేయించడానికి ఆయన్ని తీసుకుని విశాఖపట్నం వెళ్ళింది. నాకు చెప్పలేదు. తలుపుకి తాళం చూసి, సందులో అడిగి నేనే తెలుసుకున్నాను. తాళం ఉంది, సరే. ఆ తాళం ముందు తెల్లగా, తాజాగా ముగ్గుంది. అది చూసి స్కూటీ ఆపేశాను.

అది మన ముగ్గు కాదు. చుక్కల్లేవు. పొడితో వేసింది కాదు, తడిపిండిలో వేళ్ళు ముంచి గీసింది. వరికంకిలాంటిది ఒకటి, దాని పక్కన చిన్న చిన్న పాదాలు. పాదాలన్నీ లోపలికే వెళ్తున్నాయి, తాళం వేసిన తలుపు దాకా. మర్నాడు వెళ్తే పాతది కడిగేసి ఉంది, కొత్తది వేసి ఉంది. ఆ పై రోజు కంకి పోయి తామరపువ్వు వచ్చింది. దొంగల గుర్తా? పక్కవీధి ఆకతాయిల పనా? ఇంటికెళ్ళినా అదే ఆలోచన. మా ఆయన అన్నం వడ్డించి "ముగ్గు తర్వాత, ముందు ముద్ద" అన్నాడు.

ఇక ఆగలేక ఒకరోజు తెలతెలవారుతుండగానే వెళ్ళి మలుపులో నిలబడ్డాను. పక్కింటి తలుపు తెరుచుకుంది. గిన్నె పట్టుకుని మౌసి బయటికొచ్చింది. ఒడియా ఆవిడ, ఒంటరిది. అందరూ మౌసి అనే పిలుస్తారు. నేను నోరెళ్ళబెట్టాను. ఎందుకంటే పిన్నికీ మౌసికీ మాటల్లేవు. ఎందుకు పోయాయో నేనెంత కూపీ లాగినా ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నారని మాత్రం సందంతా చెబుతుంది. మౌసి తెలుగు కూడా పిన్ని దగ్గర నేర్చుకున్నదే.

నన్ను చూసి ఉలిక్కిపడి గిన్నె కొంగు కింద దాచేసింది. తర్వాత దాచి లాభం లేదనుకుని కూర్చుని గీయడం మొదలెట్టింది.

"గుమ్మం ఖాళీగా ఉంటే చోర్‌లని పిలిసినట్టే గదా మేడమ్" అంది. "నాకు మీ చుక్కలు రావు. మా ఝోటీ ఏత్తన్నాను."

"పిన్నికి తెలుసా?"

"నేదు! నువ్వు చెప్పకు. చెప్తే ఆమె నా నెత్తికెక్కి కూకుంటాది."

చెప్పనని మాటిచ్చాను. ఆ రోజంతా నాకు భలే హుషారుగా ఉంది.

పిన్ని తిరిగొచ్చిన పొద్దున నేను ఆ పక్కనే ఉన్నాను. సందులోంచి అరుపులు వినపడి వెళ్ళాను. ఆటో దిగిన సామాను నడిరోడ్డు మీదే ఉంది. బాబాయి కంటికి కట్టుతో సంచి మీద కూర్చున్నాడు. పిన్ని గుమ్మానికి ఇవతలే నిలబడి గుండెలు బాదుకుంటోంది.

"ఎవులో నా ఇంటికి చిల్లంగి ఎట్టినారే తల్లీ! సూడు, కాళ్ళు లోపలికెల్లినాయి, బయటికి రానేదు! లోపల ఏటి కూకుందో ఏటో!"

చిల్లంగి అంటే చేతబడి. ఆ మాట తెలుగులో ఉన్నంతసేపూ పర్వాలేదు. గుంపులో ఒకడు దాన్ని హిందీలోకి మార్చాడు. "డాయన్ కా కామ్ హై." డాయన్ అంటే మంత్రగత్తె. ఒంటరి ఆడదాని మీద ఆ మాట పడితే ఏమవుతుందో ఈ ఉద్యోగంలో నేను చూశాను. ఆ మాట అనడమే నేరమని చట్టం ఉంది, కానీ గుంపుకి చట్టం ఎప్పుడూ ఆలస్యంగానే గుర్తొస్తుంది. అప్పటికే కొందరు మౌసి తలుపు వైపు చూస్తున్నారు. ఆ తలుపు మూసి ఉంది. నాకు నిజంగా భయమేసింది.

"ఆ ముగ్గేసింది నేనే" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"నువ్వా?" అంది పిన్ని. "గస్తీ తిరిగేదానివి, నీకిదేటి పని?"

"తాళం పడిందని దొంగలకి తెలియకూడదని వేశాను పిన్నీ."

పిన్ని నన్ను కింది నుంచి మీది దాకా చూసింది. "అయితే ఇక్కడే ఒకపాలి ఎయ్యి, సూత్తాను."

ఎవరో గిన్నెలో పిండి కలిపి తెచ్చారు. ఖాకీ ప్యాంటుతో గొంతుకూర్చున్నాను. పిండిలో వేళ్ళు ముంచి ఒక పాదం గీశాను. ముగ్గులు చదవడం వచ్చుగానీ వెయ్యడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు.

"ఇది పాదమా, చేమదుంపా?" అంది పిన్ని.

గుంపు ఘొల్లుమంది. నేనూ నవ్వాను, కానీ లోపల గుబులుగానే ఉంది. నేను కాదని తేలిపోయింది. మరి ఎవరు అనే ప్రశ్న అలాగే మిగిలింది.

అప్పుడు మౌసి తలుపు తెరుచుకుంది. ఎవరి వైపూ చూడకుండా వచ్చి నా చేతిలో గిన్నె తీసుకుంది. నా చేమదుంప పక్కన కూర్చుని నాలుగు వేళ్ళతో ఒక కంకి గీసింది. తర్వాత పిడికిలి పిండిలో అద్ది నేలకు ఆనించి, వేలికొసతో అయిదు చుక్కలు పెట్టింది. అచ్చం చంటిపిల్ల పాదంలా వచ్చింది. గుంపులో నవ్వు ఆగిపోయింది. హిందీలో ఆ మాటన్న మనిషి మెల్లగా వెనక్కి జరిగాడు.

పిన్ని వంగి ఆ పాదాన్ని చూసింది. కాస్త గొంతు తగ్గించి అడిగింది.

"మరి బయటికొచ్చే కాళ్ళు ఏనేదేటి?"

"లక్ష్మి గదా" అంది మౌసి, తల ఎత్తకుండానే. "లోపలికే పిలుత్తాం. బయటికెలా పంపుతాను నీ ఇంట్లోంచి?"

పిన్ని కొంగులోంచి తాళంచెవి తీసింది. తలుపు తెరిచి పక్కకి జరిగి నిలబడింది. "అలా కూకున్నావేటి? కాళ్ళు ఏసినావు గదా, నువ్వే ముందెల్లు లోపలికి" అంది. కసురుతున్నట్టే అంది. మౌసి లేచి చెయ్యి చీరకి తుడుచుకుంది. గడప దాకా వెళ్ళి ఆగి, పిన్ని చెయ్యి పట్టుకుని తనతో పాటు లోపలికి లాక్కుపోయింది.

బాబాయి సంచి మీద అలాగే కూర్చుని ఉన్నాడు. "ఏటయిందమ్మా?" అన్నాడు నాతో. "నాకేటీ అవుపడనేదు. ఇంతకీ ఎవులేసినారంట?"

"మీ ఇంటి మనిషే బాబాయ్" అన్నాను.