ఖాళీ కాంటా చూసే సారు

వనపర్తి కాలేజీలో మాకు ఫిజిక్స్ చెప్పిన సారు ఏది తూచాలన్నా ముందు ఖాళీ కాంటా దగ్గర వంగేవారు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసేవారు. బజారులో టమాటాలు కొన్నా అంతే. "సారుకు మా మీద నమ్మకం లేదు" అని కూరగాయలామె ఎగతాళి చేస్తే, "నీ మీద ఉందమ్మా, ముల్లు మీదనే లేదు" అనేవారు.

ఒకసారి ల్యాబ్‌లో నాకు బరువు రావాల్సినదానికన్నా తక్కువ వచ్చింది. "కాంటాలనే తప్పుందేమో సార్, జర కలుపుకుంట" అన్నాను. సారు నవ్వారు.

"తప్పు నీకు కావాల్సిన దిక్కే ఉంటదని ఎవరు చెప్పిన్రు బిడ్డా? చూసి చెప్పు."

పోయిన వారం ఆత్మకూరు అంగన్‌వాడీలో నా పాపను వేలాడే కాంటాలో కూర్చోబెట్టారు. బరువు పోయిన నెలకన్నా తగ్గింది. "నీ పాలు సాల్తలేవు" అంది అత్తమ్మ. నాకు సారు గుర్తొచ్చారు, కొంచెం ఆశ కూడా పుట్టింది.

"టీచరమ్మా, పాపను దించి ఖాళీ కాంటా చూద్దాం."

ఖాళీ కాంటా ముల్లు సున్నా దాటి రెండు వందల గ్రాముల దగ్గర ఆగింది. అంటే పాప అసలు బరువు ఇంకా తక్కువ.

టీచరమ్మ పెన్ను పట్టుకొని నా మొహం చూసింది. "ఏం రాయాలమ్మా?"

"ఆ రెండు వందలు తీసేసి రాయున్రి. పాపను దవాఖానకు తీస్కపోత, ఆడ సరైనదే చెప్పాలె" అన్నాను.

పాపను ఎత్తుకున్నాను. నా చేతులకు మాత్రం ఎప్పటంత బరువుగానే ఉంది.