తెగిన పోగు పరీక్ష

సూరత్‌లో మా టెక్స్‌టైల్ కాలేజీ టాపర్‌ను మగ్గం మాస్టారు ఫెయిల్ చేశాడని అందరూ చెబుతారు. అబద్ధం! పని చేసి చూపిస్తేనే పాసనే కొత్త సిలబస్ వచ్చాక, పరీక్ష పెట్టడానికి ఊరి పక్కనున్న సచిన్ పారిశ్రామికవాడలోని మిల్లు నుంచి వచ్చిన కరీంనగర్ పెద్దాయన ఆయన. మగ్గం ఆపి, ఒక పోగు తెంపి, "ముడెయ్యి బిడ్డా" అనేవాడు. ముడి జారితే కాగితం మీద 'ఫెయిల్' అనకుండా 'ఇంకా రాలే' అని రాసేవాడు. అంతే.

టాపర్ ముడి రెండుసార్లు జారింది. డిగ్రీ ఆగిపోతుందని ఆ పిల్ల ఏడ్చింది. వాళ్ల లెక్చరర్ని, నేను ఊరుకుంటానా?

"ఈ పిల్లకు మగ్గం గురించి అంతా తెలుసండీ!"

"తెలుసు మేడం, కాదంటలేను. మీరు జర ఎయ్యుండ్రి."

ఇరవయ్యేళ్లు పాఠం చెప్పిన నా చేతిలోనూ ముడి జారింది. నవ్వకుండా నా పేరూ రాసుకున్నాడు. వారంపాటు ఆయన దగ్గరే ఇద్దరం నేర్చుకున్నాం. ముందు ఆ పిల్లకే వచ్చింది, పాసైంది.

అది సరే, నాకు రాదని ఆయనకు ముందే ఎలా తెలిసింది?