పదిహేడో నంబరు సంచి

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది నన్ను రాయచోటి దగ్గరి ప్రయోగ క్షేత్రానికి అసిస్టెంటుగా వేశారు. వ్యవసాయ శాఖలో అసిస్టెంటంటే పై అధికారికి గుమాస్తా, కింది మేస్త్రీకి దొర. ఊళ్లలోని నాటు మొక్కజొన్న నుంచి ఒంటికి బలమిచ్చే రకాన్ని ఏరడం నా పని. ఒక్కో ఇంటి గింజలను ఒక్కో సాలుగా విత్తి, నంబరు వేసి, పండిన విత్తనాన్ని వేర్వేరు గుడ్డసంచుల్లో కట్టాలి. ప్రతి సంచిలోంచి దోసెడు గింజలు పిండి చేసి పరీక్షించడానికి రసాయనశాలకు పంపి, మాంసకృత్తులెంతో వాళ్లు చెప్పేదాకా మిగిలినవాటికి కాపలా కాయాలి.

పదిహేడో నంబరు మరియమ్మది. చర్చి వెనక రెండెకరాల మెట్ట ఆమెది, బావి ఎండిపోయింది. గింజ చిన్నది, రంగు మాసినది. విత్తడానికి నీళ్లు లేక, ఉన్న నాలుగు కంకులూ నాకిచ్చి, పంట వచ్చాక విత్తనం వాపసు ఇవ్వాలని మాట తీసుకుంది. ఆ గింజల అంబలితోనే తన మనవరాలు కాళ్ల మీద నిలబడిందని చెప్పింది. తలూపాను. తమ విత్తనం గురించి అందరూ అలాగే చెబుతారు.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం ప్యూను ఖాసీం విత్తనాల గది తాళం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఒంటరిగా ఇక లోపలికి పోనన్నాడు.

"ఆ సంచి ఒక్కటే నములుతాండాది సార్."

వెళ్లి విన్నాను. దూలానికి ముప్పై సంచులు వేలాడుతున్నాయి. పదిహేడోదాంట్లోంచి మాత్రం చిటచిటమని సన్నని చప్పుడు. ముక్కపురుగు పట్టింది. సంచి మీద చెయ్యి పెడితే జ్వరమొచ్చిన పిల్లల నుదురులా వెచ్చగా ఉంది. దానికి ఆనుకునే ఉన్న పదహారు, పద్దెనిమిది విప్పి చూశాను. ఒక్క గింజకూ చిల్లు లేదు. పదిహేడును గది అవతలి మూలకు మార్చాను. మర్నాడు చూస్తే నేలమీద పురుగులు మిగతా సంచులన్నీ దాటుకుని బారుగా అటే పోతున్నాయి. ఉన్న మాట చెబుతున్నాను, భయపడ్డాను.

పురుగు పట్టిన విత్తనాన్ని కాల్చి, రిజిస్టరులో "బలహీనం" అని రాయాలన్నది నిబంధన. రెండూ చేశాను. కాలుతుంటే పేలాల వాసన వచ్చింది.

తొలి వాన పడ్డాక మరియమ్మ బుట్టతో వచ్చింది. జరిగింది చెప్పి, బదులుగా నాలుగో నంబరు ఇచ్చాను. లావు గింజ, మంచి మెరుపు, ఒక్క చిల్లు లేదు. ఆమె పొలం గట్టున చీమల పుట్ట దగ్గర పిడికెడు పోసి కూర్చుంది. ఎందుకని అడిగాను.

"మా అత్త కాలం నుంచి ఇంతే సామీ. చీమ ఎత్తుకపోయే గింజనే విత్తనానికి పెడతాం. పురుగు ముట్టంది మా బిడ్డలకు ఎట్ల పెట్టేది?"

చీమలు బారుగా వచ్చాయి. గింజల దగ్గర రెండుగా చీలి, చుట్టూ తిరిగి, అవతల మళ్లీ కలిశాయి. ఒక్కటీ గింజను ముట్టుకోలేదు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూసి, ఆమె నాలుగో నంబరు మొత్తం అక్కడే వదిలేసి, ఖాళీ బుట్టతో వెళ్లిపోయింది. మనవరాలి సంగతి అడగడానికి నాకు సిగ్గేసింది.

పది రోజులకు రసాయనశాల నుంచి కాగితం వచ్చింది. మాంసకృత్తులు పదిహేడులో అన్నిటికంటే ఎక్కువ, నాలుగులో అన్నిటికంటే తక్కువ.

పురుగు ముట్టనిదే గట్టి విత్తనమని నమ్మి, పురుగు కూడా వద్దన్నదాన్ని దాచిపెట్టాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా పురుగు పట్టిన ఏ సంచినీ కాల్చనివ్వలేదు. అలాంటి సంచుల్లోంచే చిల్లు పడకుండా మిగిలిన గింజలు ఏరించి, ముందు వాటినే విత్తించాను. పదిహేడో నంబరు కోసం ఆ తాలూకా అంతా తిరిగాను. మరియమ్మ ఇంట్లో తప్ప అది ఎవరి దగ్గరా ఉండేది కాదు. ఆమె తన దగ్గరున్నదంతా నాకే ఇచ్చింది.