నాలుగు వందల ఏళ్ళ పళ్ళు

పళ్ళత్త ఆ పళ్ళాసుపత్రిలో మొదట అడుగుపెట్టింది చీపురుతో. ఇప్పుడున్న డాక్టరు అప్పటికింకా పాలపళ్ళు ఊడి, చొక్కా చేతులు నములుతూ తిరిగే పిల్లవాడు. వాళ్ళ నాన్న పెద్ద డాక్టరు వెనక గదిలో కూచుని కట్టుడుపళ్ళు చేస్తుంటే, ఈమె నేల తుడుస్తూ తుడుస్తూ ఆగి చూసేది. నాలుగో తరగతితోనే చదువుకో దండం పెట్టిన మనిషి. పుస్తకం చూసి నేర్చుకునే యోగం లేదు కాబట్టి చెయ్యి చూసి నేర్చుకుంది. ఒకరోజు పెద్ద డాక్టరు భోజనానికి వెళ్ళి వచ్చేసరికి, ఆయన సగంలో వదిలిన కింది వరస పూర్తిచేసి పెట్టి, ఏమీ ఎరగనట్టు కిటికీ అద్దాలు తుడుస్తోంది. ఆయన ఆ పళ్ళని అటూ ఇటూ తిప్పి చూసి, వచ్చి ఆమె చేతిలో గుడ్డ తీసి పక్కన పడేశారు. ఆ తరవాత ముప్పై ఆరేళ్ళు ఆ గదిలో బల్ల ఆమెదే.

డాక్టరు చేసేది రోగి నోట్లో అచ్చు తియ్యడం, అంతే. దాంట్లో ప్లాస్టరు పోసి దవడ తయారుచెయ్యడం, మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెట్టడం, ఉడికించడం, అరగదీసి మెరుగు పెట్టడం అంతా పళ్ళత్తే. పని మొదలుపెట్టే ముందు ఆమె అడిగేది ఒక్కటే, మనిషి వయసెంతని. డెబ్బై ఏళ్ళ ముసలాయనకి ముత్యాల్లాంటి పళ్ళు పెడితే వీధంతా ఆయన నోటికేసే చూస్తుంది. అందుకని కాస్త పసుపు, కాస్త అరుగుదల, ఎక్కడో ఒక పన్ను రవ్వంత వంకర. ఆమె చేసిన పళ్ళతో నవ్వేవాళ్ళు ఆ వీధిలో సగంమంది ఉన్నారు. ఎవరెవరో ఆమె చెప్పదు. సొంత చెల్లెలు మూడురోజులు అలిగి కూచున్నా చెప్పలేదు.

అలాంటి మనిషిని పట్టుకుని డాక్టరు ఒక శనివారం సాయంత్రం, కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ, "అత్తా, వచ్చే నెల నుంచి పళ్ళు మిషను సెంటరులో చేయిస్తాను. నీ చేతులు వణుకుతున్నాయి. ఇంట్లో కూచుని హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నాడు.

"టీ గ్లాసు పట్టుకుంటే వణుకుతాయి. పన్ను పట్టుకుంటే వణకవు."

"అదే మొదలత్తా" అని ఆయన వెళ్ళిపోయాడు.

ఆమెకి ఆ బల్ల తప్ప వేరే లోకం లేదు. మొగుడు పోయిన మూడోరోజున కూడా వచ్చి ఆ బల్ల దగ్గర కూచున్న మనిషి. విశ్రాంతి అన్న మాట వినగానే ఆమెకి పాడె గుర్తొచ్చింది.

సరిగ్గా ఆ నెలలోనే డాక్టరుకి సినిమా పిచ్చి పట్టింది. తెచ్చి అంటించింది ఆయన బావమరిది. ఆ మహానుభావుడు అంతకు ముందు రెండు పెళ్ళిళ్ళకి వీడియో తీశాడు. ఒకదాంట్లో పెళ్ళికొడుకు తలకాయ లేదు. అంతటి అనుభవంతో ఇప్పుడు రక్తపిశాచి సినిమా తీస్తానని బయల్దేరాడు. పిశాచి వేషం డాక్టరుది. పిశాచికి బలయ్యే సుకుమారి వేషం ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయిది. రాజభవనం మాత్రం ఊరి చివర ఖాళీ గోడౌను. అక్కడ కరెంటు లేదు కాబట్టి రాత్రి సన్నివేశాలన్నీ మిట్టమధ్యాహ్నం, కిటికీలకి నల్లకాగితం అంటించి, పైకప్పు రేకు ఒకటి జరిపి ఆ వెలుగులో తీశారు. రేకు సందులోంచి ఎండ పడుతుంటే పిశాచి చెమటలు కక్కుతూ నడిచింది. పిశాచి దుప్పటి ఎక్స్‌రే గది తెర. శవపేటిక ఆసుపత్రి కుర్చీ వచ్చిన చెక్కపెట్టె, దాని మీద 'జాగ్రత్త, పగులును' అన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. పంచదార పాకంలో ఎర్రరంగు కలిపి రక్తమన్నారు. గంటసేపటికి చీమలు బారులు తీరి సుకుమారి మెడ ఎక్కాయి. ఆ సినిమా మొత్తంలో ఆ పిల్ల నిజంగా కెవ్వుమన్నది అప్పుడే, అప్పుడేమో కెమెరా ఆపేసి ఉంది.

ప్లాస్టరు డబ్బా ఏదో కావాలంటే పట్టుకెళ్ళిన పళ్ళత్త గుమ్మంలో నిలబడి చూసింది.

"బావా, ముందు భయం రావాలి, దాని వెనక నువ్వు రావాలి" అని బావమరిది నేర్పుతున్నాడు.

"దానికంటే ముందు చేతి గడియారం తియ్యమను నాయనా. పిశాచి బస్సుకి వేళవుతున్నట్టు వస్తోంది" అంది పళ్ళత్త.

కోరపళ్ళు మిషను సెంటరు నుంచి వచ్చాయి. స్నానాలగది పలకల్లా తెల్లగా నిగనిగలాడుతున్నాయి. డాక్టరు సొంత పళ్ళు ముప్పై రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటి మీద తొడుక్కునే తొడుగు అది. తొడుక్కుని నోరు తెరిస్తే మాట కంటే ముందు చొంగ వచ్చింది, మాటతోపాటు ఈల వచ్చింది. సరే మాటలొద్దు, కొరికెయ్యి బావా అన్నాడు బావమరిది. డాక్టరు వంగి కొరకబోతే తొడుగు ఊడి అమ్మాయి జాకెట్టు వెనకాల పడింది. ఆ పిల్ల చెయ్యి పెట్టి తీసి, "మీ సామాను డాక్టరుగారూ" అని అందించింది.

గోడౌను ఇంకొక్క ఆదివారమే ఇస్తానన్నాడు దాని ఆసామి. బావమరిది పరుగున వచ్చి వెనక గదిలో పళ్ళత్త ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పిశాచి వయసెంత?" అంది ఆమె.

"వయసెందుకత్తా?"

"రంగెంచాలి."

"కథ ప్రకారం నాలుగు వందల ఏళ్ళు."

"పళ్ళు తోముతాడా?"

బావమరిది జేబులోంచి కథ కాగితం తీసి చూశాడు. ఈ సంగతి కథలో లేదు. "తోమడనుకుంటానత్తా."

"మెడ కొరికి తాగుతాడా, గ్లాసులో పోసుకునా?"

"కొరికే."

"రోజూనా?"

"రోజూ."

"ఎముక తగులుతుంటుందన్నమాట" అంది పళ్ళత్త, పెన్సిలుతో గోడ మీద రాసుకుంటూ.

ఆరు రోజులు కూచుంది. హాస్యానికి కాదు. ఈ పళ్ళు చూశాక కూడా చేతులు వణుకుతున్నాయని ఎవడైనా అంటే, అప్పుడు బల్ల వదిలేద్దామని మనసులో అనుకుంది. నాలుగు వందల ఏళ్ళు కొరికినవాడి కోరలు సూదుల్లా ఎందుకుంటాయి? అరిగించింది. ఎడమ కోర కొన విరిచింది. చిగురు పైకి జరిపి, పన్ను మొదట్లో గార పట్టించి, ముందు రెండు పళ్ళ మధ్య సందు చేసి, ఒక పక్కన పుచ్చు కూడా పెట్టింది. పుచ్చు లోపలి నలుపు కోసమే ఒక పూట పోయింది.

డాక్టరు చూసి మొహం చిట్లించాడు. "ఛీ, ఇదేమిటత్తా? నేను అందగాడైన పిశాచిని."

"అందం నీ మొహంలో చూసుకో బాబూ. పళ్ళు వయసుకి తగ్గవి."

తొడుక్కుంటే టక్కున కూచున్నాయి. మాట తేటగా వచ్చింది, బిస్కట్టు తిన్నా కదల్లేదు. వేరే దారి లేక అవే పెట్టుకుని సినిమా పూర్తిచేశాడు. "బాగా అతికాయి" అన్నాడు పళ్ళత్తతో. చేతుల సంగతి ఎత్తలేదు. మిషను సంగతీ ఎత్తలేదు. కాలెండరులో నెలాఖరుకి పదిహేను రోజులుంది.

సినిమా ఒక ఆదివారం ఉదయం క్లబ్బు హాల్లో వేశారు. వచ్చినవాళ్ళలో ముప్పాతిక మంది డాక్టరు దగ్గర పళ్ళు కట్టించుకున్నవాళ్ళే. పిలిచినవాడు రేపు పళ్ళు పీకేవాడు, రాకపోతే ఎలా? శవపేటిక మీద అక్షరాలు చూసి నవ్వారు, దుప్పటి తలుపులో ఇరుక్కుంటే నవ్వారు, సుకుమారి చచ్చాక జుట్టు సర్దుకుంటే పడీపడీ నవ్వారు. బావమరిది మొహంలో నెత్తురుచుక్క లేదు. అప్పుడు తెర నిండా పిశాచి మొహం వచ్చి నోరు తెరిచింది.

ఎవరూ కెవ్వుమనలేదు. ఎవరూ నవ్వనూ లేదు. హాలంతా జాలిపడింది.

"అయ్యో, డాక్టరుగారి పళ్ళు ఇలా ఉన్నాయేమిటండీ" అంది వెనక వరసలో ఒకావిడ.

"ఎప్పుడూ నోటికి గుడ్డ కట్టుకునే ఉంటాడు కదా. ఇందుకన్నమాట" అన్నాడు వాళ్ళాయన.

"పిశాచి కోరలు పెట్టడం మర్చిపోయినట్టున్నారు."

"ఆ కుడిపక్కది పుచ్చే కదూ? తన నోరు చూసుకోనివాడు మన నోరేం చూస్తాడు."

పక్క వరస చివర కూచున్న పళ్ళత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఆరేళ్ళలో ఆమె పని మీద ఆమె విన్న పొగడ్త అదొక్కటే.

సోమవారం చీటీలు రాసే పిల్ల గోళ్ళు చూసుకుంటూ కూచుంది. మంగళవారం ముగ్గురు ఫోనుచేసి మళ్ళీ వస్తామన్నారు. గురువారానికి విషయం డాక్టరుకి తెలిసి, ఆయన వెనక గదిలోకి దూసుకొచ్చాడు.

"అత్తా, నా కొంప ముంచావు. అవి నా సొంత పళ్ళనుకుంటున్నారు అందరూ."

"అనుకోవాలనే కదా చేసేది."

ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు. గొంతు తగ్గించాడు. "చూడు, నువ్వు చెబితే ఈ వీధి నమ్ముతుంది. రెండ్రోజులు ముందు గదిలో కూచో. వచ్చినవాళ్ళకి ఇవి కట్టుడువి, నువ్వే చేశావని చూపించు. మిషను మాట మర్చిపోదాం. నీ చెయ్యి ఆడినన్నాళ్ళూ ఈ బల్ల నీదే."

పళ్ళత్త బల్లకేసి చూసింది. అంచులు అరిగిపోయి, ఆమె మోచేతులు ఆనే చోట రెండు గుంటలు పడి ఉన్నాయి.

"నేను చెప్పను బాబూ" అంది.

"ఏం? నోరు విప్పితే పోయేదేముంది?"

"నీ నోట్లోవి కట్టుడువని ఇవాళ అందరిలో చెప్పాననుకో. రేపు ఈ వీధిలో నా పళ్ళు పెట్టుకున్న ప్రతివాళ్ళూ నేను కనబడితే నోరు మూసుకుంటారు. వాళ్ళు నన్ను నమ్మి నోరు తెరిచారు. నీ సినిమా కోసం వాళ్ళని పిశాచాల్లో కలపను."

"అయితే నెలాఖరుకి ఖాళీ చెయ్యి" అన్నాడు డాక్టరు, లేస్తూ.

"నెలాఖరుదాకా ఎందుకు?"

చేతిలో ఉన్న కింది వరస మెరుగు పెట్టి, కడిగి, డబ్బాలో వేసి చీటీ అంటించింది. మైనం కత్తులు రెండు, చిన్న ఆకురాయి, ఆమె సొంతవి, గుడ్డలో చుట్టింది. చేతులు ఒకింత వణికాయి. పని అయిపోయింది కాబట్టి వణకనిచ్చింది.

ముందు గదిలో డాక్టరు గొంతు వినబడుతోంది. ఆ వారంలో వచ్చిన ఒకే ఒక్క రోగి, వీధి మాటలన్నీ చెవిన వేసుకునే వచ్చిన డెబ్బై ఏళ్ళ ముసలావిడ, కుర్చీలో కూచుని ఉంది. డాక్టరు నోటికున్న గుడ్డ లాగేసి, రెండు వేళ్ళతో పెదాలు పైకెత్తి పట్టుకుని, "చూడండమ్మా, బాగా చూడండి. ఇవీ నా పళ్ళు" అంటున్నాడు.

ముసలావిడ కళ్ళజోడు సవరించుకుని, వంగి, పైవరసా కిందివరసా నిదానంగా చూసింది.

"ఇవైతే బావున్నాయి నాయనా. ఎవరు కట్టారు?" అంది.