చెంబులో గీత

కాశమ్మ నడుస్తూ నడుస్తూనే కలలు కనే మనిషి. మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో, మద్రాసు దొరల ఏలుబడిలో ఉన్న రోజులవి. నెత్తిన నూనెకుండతో ఆమె ఎదురైతే జనం పక్కకు తప్పుకునేవాళ్ళు. ఎందుకంటే ఆమె తప్పుకోదు, పిలిచినా పలకదు. కొలిచేటప్పుడు మాత్రం రెప్ప వెయ్యదు.

గిద్ద, సోల కొలతల్లో నూనె కొనేవాళ్ళే ఎక్కువ. పెళ్ళిళ్ళకు తూకాన, వీశెల లెక్కన కొనేవాళ్ళ కోసం ఒక ఇత్తడి చెంబు ఉండేది. ఊరూరా తక్కెడ మొయ్యడం ఎవరి తరం? అందుకని ఆమె మొగుడు, గానుగ పుల్లయ్య, చెంబు లోపల మేకుతో ఒక గీత గీశాడు. అక్కడిదాకా పోస్తే వీశె, అంటే నలభై పలాలు. పుల్లయ్య పోయి ఆరేళ్ళయింది. గీత అట్లాగే ఉంది.

ఆ గీత గీసిన రోజే కాశమ్మకు దారి పొడుగునా వచ్చే కల. పెళ్ళైన కొత్త. సుందరరామయ్య శెట్టి దుకాణంలో తక్కెడ వేలాడుతోంది. ఒక తట్టలో వీశెగుండు, చెంబు బరువుకు సరిపడా రాళ్ళు; ఇంకో తట్టలో చెంబు. ఆమె సన్నధారగా పోస్తోంది. "ఇంగొంచెం... ఇంగొంచెం... చాలు," అన్నాడు పుల్లయ్య. తడిసిన ఆమె గాజులు చూసి నవ్వాడు కూడా. అంత మెత్తగా ఆయన మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదని కాశమ్మకు ఇప్పటికీ కొంచెం కోపం.

మార్కాపురంలో ఆడపిల్లల బోర్డింగు వంటిల్లు చూసుకునే దయామణి ఒకరోజు కొత్త తక్కెడ తెప్పించింది. చెంబులో గీతదాకా పోసిన వేరుశెనగ నూనె తూచింది. మళ్ళీ తూచింది.

"వీశెకు మూడు పలాల పైనే తక్కువొస్తా ఉంది కాశమ్మక్కా. నీ చేతిని నేను అనను. ఈ గీత ఎవురు గీసినారు?"

"మా ఆయన."

దయామణి చెంబును వెలుతురుకు తిప్పి గీతకేసి చూసింది. ఆ చూపే కాశమ్మ గుండెలో గుచ్చుకుంది.

తిరిగి వచ్చే దారిలో కల రాలేదు. పుల్లయ్య మోసగాడా? తనచేత ఇన్నేళ్ళూ మోసం చేయించాడా? ఆ మెత్తటి నవ్వు అందుకేనా? ఇంటికొచ్చి చెంబును మూలకు విసిరేసింది. అన్నం సయించలేదు.

సందెవేళ అలవాటుగా దీపం పెట్టింది. నూనె కలిసిరావాలని గాజుగ్లాసులో సగందాకా నీళ్ళు పోసి, మీద నూనె పోసి, వత్తి వేసింది. నూనె తేలింది. ఎప్పుడూ తేలేదే. కాశమ్మ చూస్తూ అక్కడే కూలబడింది. తేలుతోందంటే తేలికనేగా. గీత గీసిన రోజు తన గాజుల మీద తడి ఎక్కడిది? శెట్టి దుకాణం ముందరి తొట్టిలోంచి తను ముంచి పోసింది నీళ్ళు! నూనె ఒలికితే నష్టమని పుల్లయ్యే నీళ్ళు పొయ్యమన్నాడు.

తెల్లారి బోర్డింగుకు పోయింది. "ముందు నీళ్ళు తూయి దయామణమ్మా," అంది. గీతదాకా నీళ్ళు పోస్తే ముల్లు నిటారుగా నిలిచింది. అదే గీతదాకా నూనె పోస్తే చెంబు పైకి లేచింది.

"పాపం, నూనే నీళ్ళూ ఒకటే బరువనుకున్నాడక్కా ఆయన," అంది దయామణి. కాశమ్మ కొంగులో ముఖం దాచుకుని, ఆయన పోయిననాడు ఏడ్చినంత ఏడ్చింది. ఇది మాత్రం సంతోషం.

నూనెతోనే తూచి, వేలి మందం పైన కొత్త గీత గీసుకున్నారు. పాతది చెరిపేద్దామంటే కాశమ్మ ఒప్పుకోలేదు. వీశెల్లో కొన్న ఇళ్ళన్నీ గుర్తుచేసుకుని, తిరిగి తిరిగి తక్కువైన నూనె పోసి వచ్చింది. వాళ్ళకు ఎందుకో అర్థం కాలేదు. కాశమ్మకు కల తగులుకుందన్నారు.

ఆ తర్వాత చెంబు నింపేటప్పుడల్లా పాత గీత దగ్గర ఆమె చెయ్యి కాస్త ఆగేది. "చాలు," అనేవాడు పుల్లయ్య.

"ఇంగొంచెం," అనేది కాశమ్మ.